చప్పుడు లేని సంగటి

మా ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో తిండి గోల. నాయనకు జొన్నరొట్టె పెనం మీదనుంచి నేరుగా తట్టలోకి రావాలి. డబ్బాలో పెట్టి మూతేసిన రొట్టెను ఆయన ముట్టడు. అంచు పగిలిన రొట్టె ఆయన ముందు పెట్టకూడదు. జేజికి పొద్దుటి రొట్టె మిగిలితే పండగ. తుంచి మజ్జిగలో నానేసుకుని, రాత్రికి ఎర్రగడ్డ కొరుక్కుంటూ తినేది. తమ్ముడికి పొంగిన రొట్టె పైపొర మాత్రమే కావాలి, కిందిపొర నా పాలు. నాకేమో ఊరిబిండిలో గింజ పంటికి తగలాలి. మెత్తగా నూరితే ఆ పూటంతా ఏడుపే. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

2023లో అమ్మ స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కర్నూలులో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె ఏమీ తినలేదు. ఇడ్లీ తెస్తే వద్దంది, పాలు తెస్తే వద్దంది. రోగుల ఆహారం చూసుకునే అమ్మాయి కాగితం, కలం పట్టుకుని వచ్చి, "ఆంటీకి ఏమంటే ఇష్టమో చెప్పండి మేడం, దాన్ని బట్టి ఏదో ఒకటి రాస్తాను" అంది. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. ముప్పయ్యారేళ్లుగా ఆమె చేతి కూడు తిన్నదాన్ని. సాహిత్యంలో డాక్టరేటు ఉన్నదాన్ని. స్త్రీల అనుభవం గురించి సభల్లో పత్రాలు చదివినదాన్ని. ఎంత వెతుక్కున్నా నాయన ఇష్టాలు, జేజి ఇష్టాలు, తమ్ముడి ఇష్టాలే గుర్తుకొచ్చాయి. చివరికి "జొన్నరొట్టె, ఊరిబిండి" అని చెప్పేశాను.

తమ్ముడు ఎక్కడినుంచో వేడివేడి రొట్టెలు తెచ్చాడు. అమ్మ ఎడమచేత్తో రెండు తుంపులు తిని పక్కకు నెట్టేసింది.

"నీకు రొట్టె ఇష్టం కదమ్మా?"

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంటూ అంది: "రొట్టె నాదెప్పుడు మే? మీ జేజిది."

* * *

అమ్మది కడప జిల్లా ముద్దనూరు దగ్గర ఒక పల్లె. నాయనది కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర ఇంకొక పల్లె. బయటివాళ్లకు రెండూ సీమే, రెండూ ఒకటే. వాన కోసం మొగం మొత్తి ఆకాశం వైపు చూడడంలో ఒకటే కావచ్చు. పొయ్యి దగ్గరికొస్తే మాత్రం రెండు లోకాలు. అమ్మ పుట్టింట్లో పొద్దున్నే సంగటి. నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, కట్టెతో కెలికి, తడిచేత్తో ముద్దలు చేసి, పప్పాకుతోనో ఊరిబిండితోనో తింటారు. నాయన వాళ్లవైపు జొన్నరొట్టె. సంగటి మింగేది, రొట్టె నమిలేది. నమిలేవాళ్లకు మింగేవాళ్లంటే ఎప్పుడూ కొంత నవ్వులాట.

1983లో, పంతొమ్మిదేళ్లకు అమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. వచ్చిన మూడోరోజు సంగటి చేస్తానని అడిగిందట. "ఈ ఇంట్లో ముద్ద మింగేవాళ్లు ఎవరూ లేరు" అని జేజి అన్నది. కోపంగా కూడా అనలేదట, ఉన్నమాట చెప్పినట్టే అన్నదట. దాంతో అమ్మకు 'ముద్దనూరు ముద్ద' అని పేరు పడింది. మా పెద్దనాయనలు నా చిన్నప్పుడు కూడా అమ్మను అలాగే పిలిచి నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఊరి పేరు మీద పరాచికం అనుకున్నానే గానీ, అందులో ఆమె నోటి కూడు ఉందని తట్టలేదు.

రొట్టె నేర్చుకోవడానికి అమ్మకు రెండు నెలలు పట్టింది. నీళ్లు ఎంత కాగాలో, పిండిని అరచేతి మడమతో ఎంతసేపు ఒత్తాలో, ఎక్కడ కొట్టాలో, ఎక్కడ తిప్పాలో... కొంచెం తేడా వచ్చినా అంచులు పగుల్తాయి. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు పూయాలి, ఆరకముందే తిరగేయాలి. వేళ్లు కాలని రోజు లేదంది. ఆ రెండు నెలలూ పగిలిన రొట్టెలన్నీ ఆమె పాలే. తర్వాత పగలడం మానేశాయి గానీ, ఎప్పుడైనా ఒకటి పగిలితే అది ఆమెదే అన్న లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

రొట్టెతో ఆగలేదు. మొదటి ఉగాదికి "ఓళిగలకు పప్పు ఎంత నానేయల్ల?" అని అడిగితే ఆడబిడ్డలు పడీపడీ నవ్వారట. అక్కడ అవి బచ్చాలు. అమ్మ చెనిక్కాయలు అంటే వాళ్లు బుడ్డలు అనేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఆమె నోటిలో ఓళిగ బచ్చం అయింది, చెనిక్కాయ బుడ్డ అయింది. పెళ్లయితే ఇంటిపేరు మారడం గురించి మనం చాలా రాసుకున్నాం. తినే వస్తువుల పేర్లు కూడా మారతాయని నేనెక్కడా చదవలేదు.

చదవకపోవడమే కాదు, చేతికి అందినదాన్ని జారవిడిచాను కూడా. నా సిద్ధాంత గ్రంథం రాయలసీమ కథల్లో కరువు మీద. చివర మాండలిక పదాల పట్టిక ఒకటి ఇవ్వాలి. సెలవులకు ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టుకుని పదాలు అడిగేదాన్ని. ఆమె ప్రతిదానికీ రెండు మాటలు చెప్పేది: "మా ఊర్లో అయితే ఇట్లంటారు, ఈడ అయితే ఇట్లంటారు." ఆ 'మా ఊర్లో' మాటల్ని నేను రాసుకోలేదు. నేను తీసుకున్న కథలు ఎక్కువగా కర్నూలు వైపువి, కాబట్టి అవి పనికిరావనుకున్నాను. ఒక మనిషి రెండు భాషల్ని నోట్లో పెట్టుకుని, ఒకదాన్ని ఇరవై ఏళ్లకు పైగా మింగి ఉంచుకుందని నా ఎదురుగా చెప్తుంటే, నేను అకారాది క్రమం చూసుకుంటున్నాను.

* * *

ఆ గ్రంథంలోనే 1876-78 ధాత కరువు మీద ఒక అధ్యాయం రాశాను. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువుకు బాగా నలిగినవాటిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలున్నాయి. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో కూలిని కోసేశాడు. రోజంతా ఎండలో రాళ్లు కొట్టే మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, ఒక అణా. ఆడవాళ్లకూ పనిచేసే పిల్లలకూ ఇంకొంచెం తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్, పౌనున్నర ధాన్యమన్నా ఇవ్వాలి, దాంతోపాటు కూరగాయలు, పప్పులు ఉండాలి, లేకపోతే మనిషి నిలవడని వాదించాడు. ఈ వాదోపవాదాలన్నీ నేను తేదీలతో సహా రాశాను. 'ఆడవాళ్లకు ఇంకొంచెం తక్కువ' అన్నచోట ఒక మంచి వాక్యం కూడా రాసి మా గైడుతో మెప్పు పొందాను.

అదే ఇంట్లో, నేను ఆ అధ్యాయం రాసుకుంటున్న గది పక్కనే, నాయనకు మూడు రొట్టెలు, తమ్ముడికి మూడు, నాకు రెండు, అమ్మకు మిగిలినవి. అది ఏ టెంపుల్ దొరా పెట్టిన కొలత కాదు. మేమెవరం ఆమెను తక్కువ తినమని చెప్పలేదు. ఎన్ని తిన్నావని అడగనూ లేదు.

మన సాహిత్యంలో జొన్నకూడు గురించి అందరికీ తెలిసిన మాటలు శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులే. రాజుల ఇళ్లలో సన్నన్నానికి అలవాటుపడ్డ కవి జొన్నకలి, జొన్నంబలి చూసి విసుక్కోవడం. క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతూనే చెప్పేదాన్ని. ఈమధ్య చెప్పినప్పుడు మాత్రం ఆగి, ఆ జొన్నలు విసిరిందెవరో, దంచిందెవరో, ఆ పూట ఆమె ఏం తిన్నదో అని అడిగాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి "మిగిలింది మేడం" అంది. ఎవరూ నవ్వలేదు.

చిరుధాన్యాల మీద ఇప్పుడు అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. హైదరాబాదు హోటళ్లలో రాగిసంగటి, నాటుకోడి పులుసు ప్రత్యేక వంటకం. మన పెద్దల తిండే మంచిది, బియ్యం వచ్చి మనల్ని పాడుచేసింది అని నేను కూడా ఒక వ్యాసంలో రాశాను. ఆ సంగతి చెప్తే అమ్మ ఒప్పుకోలేదు. ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ ఇంట్లో వరి బువ్వ పండక్కో, చుట్టమొస్తేనో. పథకం వచ్చాక రాత్రిపూట అన్నం మొదలైంది. "రెండుపూట్లా తొమ్మిదిమందికి రొట్టెలు కొడతాంటే రెక్కలు పడిపోయేవి. ఆ బియ్యం వచ్చినాకే నా చేతులకు రవ్వంత సుకం" అంది అమ్మ. "తినేటోళ్లు ఎన్నయినా రాస్తారులే" అని కూడా అంది. నేను మారుమాట్లాడలేదు.

* * *

ఇక నేను చేసిన పని చెప్పాలి. 2015లో నాకు పాప పుట్టింది. అమ్మ హైదరాబాదు వచ్చి రెండేళ్లు నా దగ్గరే ఉంది. పొద్దున నేను కాలేజీకి పోయేలోపు రొట్టెలు చేసేది. మాది నాలుగో అంతస్తు. వంటింటి బండ మీద రొట్టె కొట్టే చప్పుడు, ఆరున్నరకే తప తప తప మని కింది ఇంటికి వినబడేది. కింది వాళ్లు ఒకసారి నవ్వుతూ చెప్పారు, రెండోసారి నవ్వకుండా చెప్పారు. మూడోసారి అపార్ట్‌మెంటు వాళ్ల గ్రూపులో పేరు పెట్టకుండా రాశారు. నాకు తలకొట్టేసినట్టయింది. ఆరోజు సాయంత్రం ఇంటికొస్తూనే "రొట్టెలు మానెయ్యమ్మా, పల్లెటూరి చప్పుళ్లు ఇక్కడ కుదరవు" అన్నాను.

ఆరోజు మధ్యాహ్నం నేను క్లాసులో చెప్పి వచ్చిన పాఠం విమల రాసిన 'వంటిల్లు' కవిత. ఇది కల్పించి చెప్తున్నది కాదు.

అమ్మ ఏమీ అనలేదు. మర్నాటినుంచి ఉప్మా. రొట్టె చప్పుడు ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు. ఇన్నేళ్లూ ఆ మాట నన్ను కలుక్కుమని పొడుస్తూనే ఉంది. అమ్మ సంస్కృతిని, అమ్మ తిండిని, నా తల్లి చేతి చప్పుడును నేనే నోరు నొక్కేశానని ఒక అపరాధ భావం. దాని మీద ఒక కవిత కూడా రాసుకుని, ఎక్కడా అచ్చుకివ్వకుండా దాచుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ కవిత ఇవ్వకపోవడమే మంచిదయింది. అందులో ఉన్నదంతా తప్పు.

ఆసుపత్రిలో అమ్మ "రొట్టె నాదెప్పుడు మే" అన్న రాత్రి, హైదరాబాదులో మా ఇంటి పని చూసుకునే అక్క ఫోన్ చేసింది. ఆమెది పాలమూరు వైపు. పాప చిన్నప్పటినుంచీ మా దగ్గరే పనిచేస్తోంది. అమ్మ ఏమీ తినడం లేదని చెప్పాను.

"సంగటి చేసి పెట్టరాదు?" అంది.

"సంగటా?"

"మీరు కాలేజికి పోయినంక రోజూ చేస్తుండె గదా. పదకొండు గంటలకు పాప పండుకున్నంక, అమ్మ, నేను ఇద్దరం కూసోని తింటుంటిమి. మా తాన గట్క ఉంటది చూడు, గట్లనే. మీకు వాసన పడదని గిన్నె కడిగి పెట్టేది."

వాసన పడదని నేనెప్పుడన్నానో నాకు గుర్తు లేదు. అన్నానేమో. రాగిపిండి డబ్బా మా వంటింట్లో ఎక్కడుండేదో కూడా నాకు తెలియదు. రొట్టెలు మానెయ్యమన్న తర్వాతే ఇది మొదలైందని అక్క చెప్పింది. పొద్దున్నే రొట్టెలు కొట్టే పని తప్పేసరికి అమ్మకు చేయి ఖాళీ అయింది. సంగటికి చప్పుడు లేదు. కింది వాళ్లకు వినబడదు. నాకూ వినబడలేదు. ముప్పయ్యేళ్ల కాపురంలో అమ్మ తనకోసం తన తిండి వండుకున్నది ఆ రెండేళ్లే. అది కూడా నా దయవల్ల కాదు, నా మొరటుతనం పొరపాటున ఇచ్చిన సందులో. పక్కన కూర్చుని తిన్నది కూతురు కాదు, తనలాగే ఇంకొకరింట్లో ఇంకొకరి రుచులు వండిపెట్టే మనిషి.

'అమ్మ చేతి వంట' అని మనం కళ్లు తుడుచుకుంటూ రాస్తాం. పత్రికల్లో, పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో. అమ్మ చేతిది నిజమే. రుచి మాత్రం చాలాసార్లు నాయన ఇంటిది. జేజి నేర్పింది, జేజికి ఆమె అత్త నేర్పింది. ఒకామె తన నాలుకను పక్కన పెట్టి నేర్చుకున్నదాన్ని పిల్లలు తల్లి రుచి అనుకుని పెరుగుతారు. మరి తల్లి రుచి ఎక్కడికి పోయింది? మా ఇంట్లో అయితే పదకొండు గంటలకు, పాప నిద్రపోయాక, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది.

* * *

డిశ్చార్జి అయ్యాక ఊరికి తీసుకెళ్లాం. పత్తికొండ దగ్గరి ఆ ఇంట్లో, జేజి వంటింట్లో, నేను సంగటి చేశాను. అమ్మ చేతికి పట్టీతో గడప దగ్గర కుర్చీలో కూర్చుని చెప్తోంది. నూకలు మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పొయ్యి, కలపొద్దు. కట్టెతో మధ్యలో గుంత చెయ్యి. మూతపెట్టి సెగ తగ్గించు. ఇంక కెలుకు, గిన్నెను గుడ్డతో అదిమి పట్టుకో. కెలికేటప్పుడు తెలిసింది, రొట్టెకు మణికట్టు కావాలి, సంగటికి భుజం కావాలి. ఏదైనా ఒకరి రెక్కే.

నా సంగటి ఉండలు కట్టింది. అమ్మ ఎడమచేత్తో ముద్ద తుంచి, ఊరిబిండి అద్దుకుని మింగింది. ముఖంలో ఏమైనా కనబడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఏమీ కనబడలేదు. రెండు ముద్దలు తిన్నది.

నాయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయనకు చక్కెర జబ్బు వచ్చి ఆరేళ్లయింది. "డాక్టరు రాగులు తినమన్నాడు. నాకూ ఒక ముద్ద పెట్టు" అన్నాడు. అమ్మ నా వైపు చూసి చిన్నగా నవ్వింది. నలభై ఏళ్ల కింద ఒక పంతొమ్మిదేళ్ల పిల్ల అడిగితే ఆ ఇంట్లో దొరకని చోటు, ఒక డాక్టరు చీటీకి దొరికింది. ఇప్పుడు ఆ ఇంట్లో వారానికి నాలుగు రోజులు సంగటే. నాయన అందరికీ తన ఆరోగ్య రహస్యం అని చెప్పుకుంటున్నాడు. అమ్మ మణికట్టు పూర్తిగా తిరగదు కాబట్టి, కెలికేది పక్కింటామె. నెలకింతని ఇస్తున్నారు. ఆమెకు ఏమిష్టమో మేమింకా అడగలేదు.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. నా సహచరుడిది గుంటూరు వైపు. పెళ్లయిన కొత్తలో వాళ్లింట్లో జొన్నరొట్టె మాట వస్తే, "మా పాలేర్లు తినేవాళ్లు" అన్నారు ఒక పెద్దావిడ. నేను ఊరుకున్నాను. అతను మంచివాడు, వంట చేస్తాడు, గిన్నెలు కడుగుతాడు. అయినా మా ఇంట్లో సంక్రాంతికి అరిసెలే, పచ్చడి అంటే గోంగూరే. వాటిని ఎవరూ నా మీద రుద్దలేదు. అత్తగారు ఫోన్‌లో కొలతలు చెప్తే, శ్రద్ధగా నేర్చుకున్నాను. బాగా చేస్తానని పేరు కూడా వచ్చింది.

మొన్న మా పాప బడిలో 'మా అమ్మ చేతి వంట' అని పది వాక్యాలు రాసుకొచ్చింది. మొదటి వాక్యం: మా అమ్మ గోంగూర పచ్చడి బాగా చేస్తుంది. నేను చదివి, బాగుందని చెప్పి, కాసేపటి తర్వాత వంటింట్లోకి పిలిచాను. వేరుశనగలు, పచ్చిమిరపకాయలు, చింతపండు ముందు పెట్టుకుని రోలు బయటికి తీశాను. మరీ మెత్తగా నూరకూడదు, గింజ పంటికి తగలాలి అని చెప్తుంటే, "దీని పేరేంటమ్మా?" అంది. ఊరిబిండి అన్నాను. ఈ గింజల్ని మీ తాత ఊర్లో బుడ్డలంటారు, మీ అమ్మమ్మ పుట్టిన ఊర్లో చెనిక్కాయలంటారు అని రెండూ చెప్పాను. అది ముందు రెండోదాన్ని పలికి చూసింది.

అమ్మకు ఫోన్ చేసి, ఈసారి ఉండలు కట్టకుండా సంగటి చేశానని గొప్పగా చెప్పాను.

"నూకలు ఎంతసేపు ఉడకనిచ్చినావు?" అని అడిగింది. చెప్పాను.

"ఇంకా ఉడకల్ల" అంది.